పక్కింటి రెటిక్ కనిపించకుండా పోయి రెండు రోజులైంది: ఈ రాత్రికి ఏం చేయాలి?

ఉత్తర_డాలస్ | #1
డాలస్ ఉత్తర శివారు. ఆనుకుని ఉన్న ఇళ్లు, మధ్యలో చెక్క కంచె. పక్కింటాయన పెంచుకుంటున్న రెటిక్యులేటెడ్ పైథాన్ (రెటిక్ అనే పెద్ద కొండచిలువ) శుక్రవారం రాత్రి నుంచి కనిపించడం లేదు. మగది, నాలుగేళ్లది, 11 అడుగులు అన్నాడు. ఈ సంగతి మాకు చెప్పింది ఇవాళ, ఆదివారం పొద్దున. "ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది" అంటున్నాడు. యానిమల్ కంట్రోల్‌కి (ఊరి జంతువుల విభాగానికి) ఇంకా చెప్పలేదట. మా ఇంట్లో ఏడాదిన్నర పాప, ఒక పిల్లి. పగలు 27 డిగ్రీలు, రాత్రి 14. అది మా వైపు వచ్చే వీలెంత? ఈ రాత్రికి మేం చేయాల్సింది ఏంటి? "విషం లేదు కదా, భయమెందుకు" అని మాత్రం రాయకండి.

రెటిక్_రూమ్ | #2
భయపడాల్సిన చోట భయపడటం తప్పేం కాదు. 11 అడుగుల రెటిక్ అంటే 10 నుంచి 15 కిలోల కండ. పెద్దవాళ్లకి ప్రమాదం తక్కువ. ఏడాదిన్నర పిల్లకి ప్రమాదం నిజం. పిల్లి దానికి ఆహారమే.

ఆయన మాట సగం నిజం. తప్పించుకున్న పాముల్లో ఎక్కువ భాగం ఆ ఇంట్లోనే, తరచుగా ఆ గదికి దగ్గర్లోనే దొరుకుతాయి. అయితే ఇంట్లోంచి బయటికి దారి ఉందో లేదో చూడకుండా ఆ మాట అనకూడదు.

ఈ రాత్రికి ఇలా చేయండి. పాప మీ గదిలోనే పడుకోవాలి. ముందు ఆ గదిని వెలుతురు ఉండగానే ఖాళీ చేసి చూడండి: మంచం కింద, బాక్స్ స్ప్రింగ్ (పరుపు కింది స్ప్రింగుల పెట్టె) అడుగు గుడ్డ చిరిగి ఉంటే దాని లోపల, డ్రెస్సర్ సొరుగులు పూర్తిగా బయటికి లాగి వాటి వెనక, క్లోజెట్ పై అర. చూశాక తలుపు వేసి, కింది సందులో తడిపి పిండిన పెద్ద టవల్ గట్టిగా కూరండి. గదిలో ఏసీ రిటర్న్ గ్రిల్ (గాలిని లోపలికి లాగే పెద్ద జాలీ) ఉంటే దాని స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో చూడండి. చల్లగాలి వదిలే సప్లై వెంట్ల సందులు సన్నవి, వాటి జోలికి పోనక్కర్లేదు.

పిల్లికి వేరే తలుపు ఉందా? ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని మూయండి.

ప్లానో_పద్మ | #3
యానిమల్ కంట్రోల్‌కి మీరే ఫోన్ చేయండి. ఆయన చేస్తాడని ఆగకండి. జాతి, పొడవు, చివరిసారి కనిపించిన సమయం, పక్కనే పసిపాప ఉందన్న మాట, ఈ నాలుగూ చెప్పి కేస్ నంబర్ తీసుకోండి. 911 మాత్రం పాము కళ్ల ముందు ఉండి మనిషికి చుట్టుకుంటేనే.

ఉత్తర_డాలస్ | #4
పిల్లి తలుపు ఉంది, గ్యారేజీ వైపు. ఇప్పుడే మూసి అడ్డంగా ప్లైవుడ్ స్క్రూలతో బిగించాను. ఫోన్ కూడా చేశాను, కేస్ నంబర్ ఇచ్చారు. మిగతా ఇంట్లో ఏ సందులు చూడాలి?

స్లాబ్_ఇల్లు | #5
మన వైపు ఇళ్లు ఎక్కువగా కాంక్రీట్ స్లాబ్ మీద ఉంటాయి, నేల కింద క్రాల్ స్పేస్ (పాకి వెళ్లేంత ఖాళీ) ఉండదు. అది మీకు మేలు. కొలత ఒక్కటే గుర్తుపెట్టుకోండి: మీ గుప్పిట దూరే సందు ఏదైనా ఈ పాముకి దారే అనుకోవాలి.

గ్యారేజీ తలుపు కింది రబ్బరు చివరలు రెండు వైపులా అరిగి మూలల్లో ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ చూడండి. డ్రయర్ గొట్టం బయటికి వచ్చే చోట మూత ఊడిపోయి ఉంటే అది 4 అంగుళాల రంధ్రం, ఆ పాముకి సరిపోతుంది. మూత మళ్లీ పెట్టండి. పావు అంగుళం గళ్ల ఇనుప జాలీ కట్టొచ్చు కానీ పాము దొరికాక తీసేయాలి, లేకపోతే నూలు పేరుకుని డ్రయర్ నిప్పంటుకుంటుంది. ఇటుక గోడ అడుగున నీళ్లు కారడానికి వదిలిన సన్న చీలికలున్నాయే, వాటి గురించి దిగులొద్దు. ఇంత పెద్దది దూరదు.

గంటి_వారి_అల్లుడు | #6
టాయిలెట్‌లోంచి వస్తుందా? వాట్సాప్‌లో అలాంటి వీడియోలు తెగ తిరుగుతున్నాయి.

స్లాబ్_ఇల్లు | #7
రాదు. కమోడ్ లోపలి వంపు దారి 2 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పిల్ల పాములు, సన్న పాములు వచ్చిన సంగతులు ఉన్నాయి. 11 అడుగుల రెటిక్ పట్టదు.

పొలుసుల_డాక్టర్ | #8
రాత్రి 14 డిగ్రీలు దాన్ని చంపవు. మందగిస్తుంది, కదలడం తగ్గిస్తుంది. 2010 జనవరి చలిగాలులకి ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్లు చాలా చచ్చాయి కానీ ఆ చలి వేరు, రోజుల తరబడి సాగింది. ఇక్కడ జరిగేది ఏంటంటే, పగటి వేడి పట్టిన చోటుకి సాయంత్రం చేరుతుంది: ఎండ తగిలిన ఇటుక గోడ మొదలు, ఏసీ బయటి యూనిట్ అడుగు, ఈత కొలను పంపు పెట్టె, కారు ఇంజిన్ కింది భాగం. పొద్దున కారు తీసే ముందు బానెట్ తెరిచి చూడండి.

అంతకంటే ముఖ్యం, పక్కింటాయన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఏం తిన్నది? కుబుసం ఎప్పుడు విడిచింది? కళ్లు పాలనీలంగా మారాయా? పట్టుకుంటే ఊరుకుంటుందా, తిండి వేళ దూకుతుందా? మైక్రోచిప్ ఉందా? ఈ జవాబులు వస్తే ఎక్కడ వెతకాలో సగం తేలిపోతుంది. నాలుగు రోజుల క్రితం పెద్ద ఎలుకో కుందేలో తిన్నదైతే వెచ్చటి మూల వెతుక్కుని కదలకుండా పడి ఉంటుంది. మూడు వారాలుగా తిననిదైతే రాత్రిళ్లు తిరుగుతుంది. కుబుసానికి వచ్చినదైతే తడి ఉన్న చోటుకి పోతుంది.

ఓర్లాండో_శీను | #9
ఒక థర్మల్ కెమెరా అద్దెకి తెచ్చుకుంటే గంటలో తేలిపోతుంది కదా? ఫోన్‌కి తగిలించుకునేవి కూడా ఉన్నాయి.

రెటిక్_రూమ్ | #10
అది కుక్కకో పిల్లికో పనిచేస్తుంది. పాము ఒంటి వేడి అది పడుకున్న చోటి వేడితో సమానం. తెర మీద నేలా పామూ ఒకే రంగులో కనిపిస్తాయి. "కెమెరాతో చూశాం, లేదు" అని గదిని వదిలేయడమే దీనివల్ల జరిగే పెద్ద నష్టం.

అదే కారణంతో డోర్‌బెల్ కెమెరాలనీ నమ్మకండి. వాటిలో చాలా వరకు ఒంటి వేడి కదలికని పసిగట్టి మేలుకునే రకం. పాము ఎదురుగా పాకినా మేలుకోవు. రాత్రంతా ఆగకుండా రికార్డు చేసే కెమెరా నేలకి అడుగు ఎత్తులో పెట్టి, పొద్దున వేగంగా తిప్పి చూడాలి.

ఓర్లాండో_శీను | #11
పూర్తిగా పనికిరాదంటే ఒప్పుకోను. పాము కనపడకపోయినా గోడలో వేడి నీళ్ల పైపు ఎటు పోతోందో, ఫ్రిజ్ వెనక ఏ మూల వెచ్చగా ఉందో కనపడుతుంది. ఆ చోట్లే ముందు వెతకొచ్చు.

రెటిక్_రూమ్ | #12
అలా వాడితే సరే. వేడి చోట్లు గుర్తించడానికి మంచిదే. అక్కడికి చేతులతో, టార్చితో వెళ్లాల్సిందే.

కావలి_కోడలు | #13
కంచె పక్క పొదలు, పాప ఆడుకునే జారుడుబండ కింద చూశారా? బార్బెక్యూ కవర్ ఎత్తకముందు పొడుగు కర్రతో తట్టండి. నీళ్ల పైపు చుట్ట కూడా. తాడుని చూసి పామనుకోవడం మామూలే. ఈ రోజుల్లో పాముని చూసి పైపు అనుకోవడమే ప్రమాదం.

ఉత్తర_డాలస్ | #14
ఆయన్ని అడిగాను. చివరి తిండి 12 రోజుల క్రితం, ఒక పెద్ద ఎలుక. చివరి కుబుసం ఐదు వారాల క్రితం. శుక్రవారం చూసినప్పుడు కళ్లు మబ్బుగా ఉన్నాయట. మామూలుగా సాధువే కానీ తిండి వేళ వేగం ఎక్కువట. చిప్ లేదు. పెట్టె ఆయన చేయించుకున్నది: 8 అడుగుల మెలమైన్ పెట్టె, ముందు రెండు జారుడు అద్దాలు. తాళం వేసే ఉంది, అద్దాలు చెదరలేదు. ఎలా పోయిందో తనకీ అర్థం కావడం లేదు అంటున్నాడు.

పెట్టెల_మేస్త్రి | #15
తాళం వేసి ఉండి పాము లేదంటే వెనక పలక చూడమనండి. ఇప్పుడే.

మెలమైన్ అంటే చెక్కపొట్టుని నొక్కి పైన ప్లాస్టిక్ పొర అంటించినది. రెటిక్‌కి గాలిలో 60 నుంచి 70 శాతం తేమ కావాలి. కోసిన అంచులకి సిలికాన్ పూయకపోతే తేమ లోపలికి దిగి పొట్టు ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది. వెనక కొట్టే పలక చాలా మంది 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డుతో, సన్న మేకులతో సరిపెడతారు. ఆ పెట్టె గోడకి ఆనించి ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. పాము రాత్రంతా ముక్కుతో మూలలు తోస్తూనే ఉంటుంది. అడుగు మూల ఒక్క మేకు లేచినా తర్వాతవి వరసగా లేస్తాయి. పాము బయటికి వెళ్లాక పలక మళ్లీ వెనక్కి వచ్చి చోటులో కూర్చుంటుంది. ముందు నుంచి చూస్తే పెట్టె చెక్కుచెదరనట్టే ఉంటుంది.

పొలుసుల_డాక్టర్ | #16
కళ్లు మబ్బు అన్న మాట చాలా విలువైనది. కుబుసానికి ముందు దశ. చూపు మందం, చర్మం బిగుతు, తేమ కోసం వెతుకుతుంది, తిండి మీద ధ్యాస తగ్గుతుంది. దూరం తిరిగే రోజులు కావివి. నేనైతే ఆయన ఇంట్లో స్నానాల గది, వాషింగ్ మెషీన్, వాటర్ హీటర్ చుట్టుపక్కలే మొదలుపెడతాను. మీరు తలుపులు మూసుకోవడం మాత్రం ఆపకండి, ఇది అంచనా మాత్రమే.

ప్లానో_పద్మ | #17
కాలనీ గ్రూపులో పెట్టారా?

ఉత్తర_డాలస్ | #18
ఆయన వద్దంటున్నాడు. జనం తుపాకులు పట్టుకుని తిరుగుతారని భయం.

ప్లానో_పద్మ | #19
ఆయన భయం అర్థమవుతుంది. అయినా పెట్టాలి. చుట్టూ 20 ఇళ్లలో పసిపిల్లలు ఎవరెవరికి ఉన్నారో మీకు తెలియదు. ఆయన పేరు, ఇంటి నంబర్ అక్కర్లేదు. "ఫలానా వీధి దగ్గర 11 అడుగుల పెంపుడు కొండచిలువ తప్పించుకుంది. పిల్లల్ని, చిన్న కుక్కల్ని, పిల్లుల్ని ఒంటరిగా వదలకండి. కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, చంపకండి, దూరం నుంచి ఫొటో తీసి ఈ నంబర్‌కి ఫోన్ చేయండి, అది ఎటు పోతోందో చూస్తూ ఉండండి." ఇంతే. పాము ఫొటో తప్పకుండా జత చేయండి.

సర్పమిత్ర_హైదరాబాద్ | #20
ఫొటో ముచ్చట చానా ముఖ్యం. ఫొటో లేకుంటే కనవడ్డ పామునల్లా చంపుతరు. టెక్సాస్‌ల ఎలుకపాము 6 అడుగుల దాక పెరుగుతది, సన్నగుంటది, ఎవలికీ హాని చెయ్యది. రెటిక్ గుర్తు: తలమీద నడిమి నుంచి సన్నటి నల్ల గీత, నారింజ రంగు కండ్లు, ఒంటి మీద వల అల్లినట్టు గీతలు, ఎండల ఇంద్రధనుస్సు లెక్క మెరుపు.

ఇంగ ఒక మాట. అక్కడ విషమున్న కాపర్‌హెడ్, డైమండ్‌బ్యాక్ గిలక పాములు కూడా ఉంటయి. పొదల చెయ్యి వెట్టి "పక్కింటి పామే" అనుకోవద్దు.

వెస్ట్‌ఫ్లోరిడా | #21
కెనడాలో జరిగిన సంగతి ఆయనకి చెప్పండి. 2013 ఆగస్టు, న్యూ బ్రన్స్‌విక్‌లో క్యాంప్‌బెల్టన్ ఊరు. కింద పెంపుడు జంతువుల దుకాణం, పైన ఇల్లు. ఆఫ్రికన్ రాక్ పైథాన్ తన గూటి వెంటిలేషన్ దారిలోంచి సీలింగ్ మీదికి ఎక్కి, బరువుకి సీలింగ్ కూలి, నిద్రపోతున్న అన్నదమ్ముల మీద పడింది. 4 ఏళ్లవాడు, 6 ఏళ్లవాడు, ఇద్దరూ పోయారు. ఆ పైపుకి ఉండాల్సిన మూత ఊడి ఉంది. అంత లావు పాము అందులో పట్టదనుకున్నారు. 2016లో యజమాని మీద కేసు కోర్టులో నిలవలేదు. పిల్లలు మాత్రం తిరిగి రారు కదా.

మా ఫ్లోరిడాలో 2009 జులైలో రెండేళ్ల పాప పోయింది. 8 అడుగులకు పైన ఉన్న బర్మీస్, అద్దాల తొట్టి, పైన మూతకి బదులు దుప్పటి. అదే రాత్రి ఒకసారి తప్పించుకుంటే పట్టి మళ్లీ అదే తొట్టిలో పెట్టారు. దానికి నెల రోజులుగా తిండి కూడా లేదు. 2011లో పెంచినవాళ్లకి 12 ఏళ్ల చొప్పున శిక్ష పడింది.

గంటి_వారి_అల్లుడు | #22
ఇవన్నీ నిషేధించేస్తే పీడా పోతుంది. ఇళ్ల మధ్య 11 అడుగుల పాము ఎందుకసలు?

వెస్ట్‌ఫ్లోరిడా | #23
మా దగ్గర అదే చేశారు. 2010 నుంచి బర్మీస్, రెటిక్ లాంటివి కొత్తగా పెంపకానికి కొనకూడదు. 2021లో ఇంకా బిగించారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా లేసీ చట్టం (వన్యప్రాణుల వ్యాపారం మీది చట్టం) కింద 2012లో బర్మీస్, రెండు ఆఫ్రికన్ రాక్ పైథాన్లు, పసుపు అనకొండ, 2015లో రెటిక్, మిగతా అనకొండలు హానికర జాతుల జాబితాలో పెట్టింది. 2017లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చాక రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తీసుకెళ్లడం మీద ఆ చట్టం పట్టు సడలింది. విదేశాల నుంచి తేవడానికి మాత్రం వీల్లేదు.

రెటిక్_రూమ్ | #24
టెక్సాస్‌లో నిషేధం లేదు, అనుమతి కావాలి. రెటిక్, గ్రీన్ అనకొండ, రాక్ పైథాన్లకి కంట్రోల్డ్ ఎక్సాటిక్ స్నేక్ పర్మిట్ తీసుకోవాలి. వాటిని బయటికి వదిలేయడం నేరం. దీనిపైన ఊరి నియమాలు వేరే ఉంటాయి, కొన్ని ఊళ్లు పూర్తిగా ఒప్పుకోవు.

నిషేధం మీద #22తో నేను ఏకీభవించను. రెండు సంఘటనల్లోనూ పాము పోయింది మూత లేని దారిలోంచే. కానీ ఒకటి ఒప్పుకుంటాను: దీన్ని పిల్లగా 2 అడుగులున్నప్పుడు కొంటారు. ఆడది 15, 18 అడుగులకి చేరుతుందని, అప్పటికి పెట్టె కాదు గది కావాలని కొనేటప్పుడు ఆలోచించేవాళ్లు తక్కువ.

గంటి_వారి_అల్లుడు | #25
ఆలోచించేవాళ్లు తక్కువ అని మీరే అంటున్నారు. నేననేదీ అదే.

లెస్టర్_లక్ష్మి | #26
బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి ఒక విషయం. ఇక్కడ డేంజరస్ వైల్డ్ యానిమల్స్ చట్టం, 1976, పాముల్లో విషమున్నవాటికే వర్తిస్తుంది. కొండచిలువలకి, బోవాలకి లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి పక్కింట్లో ఏముందో కౌన్సిల్‌కి కూడా తెలియదు. పాత టెర్రస్ (వరసగా ఆనించి కట్టిన) ఇళ్లలో అటక గోడలు పైదాకా కట్టకుండా వదిలేసినవి ఉంటాయి. ఒక ఇంటి అటకలోకి ఎక్కిన పాము నాలుగో ఇంట్లో దిగొచ్చు. ముందు అటక మూత బిగించుకోండి.

ఉత్తర_డాలస్ | #27
#15 చెప్పింది అక్షరాలా నిజం. పెట్టె జరిపి చూశాం. వెనక పలక కింది ఎడమ మూల చేత్తో తోస్తే జానెడు తెరుచుకుంటోంది. దాని వెనక గోడలో పాత కేబుల్ కోసం కోసిన రంధ్రం, గుప్పిట సులువుగా దూరుతుంది. ఆ గోడకి అవతల స్నానాల గది.

పెట్టెల_మేస్త్రి | #28
అయితే గోడలో ఉంది. ఇప్పుడే గోడలు పగలగొట్టకండి. ముందు ఆ ఇంట్లోంచి బయటికి దారులు మూయాలి. తర్వాత అది ఎటు కదులుతోందో తెలుసుకోవాలి.

రెటిక్_రూమ్ | #29
వరస చెప్తాను, ఆయనకి పంపండి.

అన్ని గదుల తలుపులూ వేసి కింద టవళ్లు కూరాలి. ప్రతి గుమ్మానికి అడ్డంగా, గోడ రంధ్రం ముందు, సింక్ కింద పైపులు గోడలోకి పోయే చోట మైదా పిండి నాలుగు వేళ్ల వెడల్పున పలచగా చల్లాలి. చిన్న పాము అయితే వంకర గీత పడుతుంది. ఇంత బరువుది పొట్ట పొలుసులతో నేలని పట్టుకుని తిన్నగా పాకుతుంది, కాబట్టి సంచి ఈడ్చినట్టు వెడల్పుగా ఒకే పట్టీ పడుతుంది. గోడల వెంట పలచటి ప్లాస్టిక్ సంచులు పరిస్తే రాత్రి చప్పుడు వినిపిస్తుంది. ఇల్లు చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. రాత్రి 9 నుంచి 2 దాకా మేలుకుని వినాలి.

రిక్లైనర్ కుర్చీ ఉంటే దాని మీట ముట్టుకోవద్దు. లోపల పాము ఉంటే ఇనుప కమ్మీల మధ్య నలిగిపోతుంది. ముందు బోర్లా తిప్పి చూడాలి. డ్రయర్, డిష్‌వాషర్ కూడా ఈ రాత్రికి వాడొద్దు. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టలుంటే తీసేయాలి. పాము అంటుకుంటే వంటనూనె రాసి మెల్లగా విడదీయాల్సి వస్తుంది.

కావలి_కోడలు | #30
ఎలుకని ఎరగా పెడితే దానంతటదే రాదా?

రెటిక్_రూమ్ | #31
పెరట్లో అయితే అస్సలు వద్దు. రకూన్లు, పోసమ్‌ల లాంటి జంతువులు వస్తాయి. పైగా తిండి వాసన తగిలిన రెటిక్ ముందు కదిలిన దేన్నైనా పట్టేస్తుంది. ఆ సమయంలో దాని దగ్గర పిల్లలు, పిల్లులు ఉండకూడదు. ఇంట్లో మూసిన గదిలో పెట్టొచ్చని కొందరంటారు, కానీ కుబుసానికి వచ్చినది సాధారణంగా తినదు. ఎరకంటే వెచ్చటి, తడి గూడు మేలు: పక్కకి పడుకోబెట్టిన పెద్ద ప్లాస్టిక్ తొట్టి, లోపల తడి టవళ్లు, దాని పాత పెట్టెలోని పరుపు పొట్టు, అడుగున థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ 31 డిగ్రీల దగ్గర.

సర్పమిత్ర_హైదరాబాద్ | #32
హైదరాబాద్, విజయవాడల ఉండెటోళ్లకు గూడ చెప్తున్న. ఇక్కడ అపార్ట్‌మెంట్లల్ల బాల్ పైథాన్లు పెంచుతున్నరు. అది 4, 5 అడుగులకు మించది, మనిషిని ఏం జెయ్యది. కని బయటికి పోతే రెండు తీర్ల ఆపద. పక్కింటోళ్లు దాన్ని రక్తపింజర అనుకుని కొట్టి చంపుతరు. లేకుంటే నిజమైన రక్తపింజరను "పెంపుడు పామే" అని చేతుల పడ్తరు. రెండోది ప్రాణం తీస్తది. రక్తపింజర కుక్కర్ విజిల్ లెక్క గట్టిగ బుసకొడ్తది, మచ్చలు గొలుసు లెక్క వరుసగుంటయి. అనుమానముంటె ముట్టుకోకుండ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అసొంటోళ్లకు, అటవీశాఖకు ఫోన్ చెయ్యండ్రి.

చట్టం సంగతి: మన దేశపు పాము ఏదైనా ఇంట్ల పెంచుడు నేరం. మన కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1ల ఉన్నది. బాల్ పైథాన్ అసొంటి విదేశీ జాతులను 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌ల నమోదు చెయ్యాలె. అవి చచ్చినా, పిల్లల్ని పెట్టినా తెలియజెయ్యాలె. నమోదు లేదని భయపడి చెప్పకుండ దాచుకునుడే ఎక్కువ జరుగుతున్నది.

ఓర్లాండో_శీను | #33
పాములు పట్టడమంటే గుర్తొచ్చింది. 2017లో ఫ్లోరిడా వాళ్లు బర్మీస్ పైథాన్లు పట్టడానికి తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుల తెగ పెద్దవాళ్లని పిలిపించారు. మొదటి 8 రోజుల్లోనే 13 పట్టారు. యంత్రాలేమీ లేవు, జాడలు చూసి పొదల్లోకి పోవడమే. మన నెల్లూరు వైపు యానాదుల దగ్గర కూడా ఇలాంటి విద్యే ఉంది. పిండి మీద జాడ చూడమన్న #29 సలహా ఆ దారిలోదే.

ఉత్తర_డాలస్ | #34
రాత్రి 11:40కి స్నానాల గది సింక్ కింద పిండి మీద జాడ పడింది. #29లో రాసినట్టే తిన్నటి పట్టీ, మూడు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువే. సింక్ కిందికి వచ్చి మళ్లీ వెనక్కి గోడలోకి పోయింది. బయటికి రాలేదు.

స్లాబ్_ఇల్లు | #35
బాత్ టబ్ చూడండి. స్లాబ్ ఇళ్లలో టబ్ డ్రెయిన్ కోసం కాంక్రీట్‌లో ఒక గుంట వదిలేస్తారు, పైన టబ్ కప్పేస్తుంది. అక్కడ వేడి నీళ్ల పైపు, తేమ, చీకటి, మూడూ ఉంటాయి. టబ్ కొళాయిల వెనక గోడకి, సాధారణంగా క్లోజెట్ లోపల, తీసే పలక ఉంటుంది. లేకపోతే ఆరంగుళాల చదరం కోయాలి. ముందు ఫోన్‌కి తగిలించే గొట్టం కెమెరాతో లోపల చూడండి.

ఉత్తర_డాలస్ | #36
ఉంది! టబ్ కింద చుట్ట చుట్టుకుని. కెమెరాలో వల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. యానిమల్ కంట్రోల్ ఆఫీసర్ బయల్దేరారు. పక్కింటాయన లోపలికి చెయ్యి పెట్టి లాగుతానంటున్నాడు.

పొలుసుల_డాక్టర్ | #37
లాగనివ్వకండి! అది పైపులకి, కాంక్రీట్ అంచులకి ఒళ్లు బిగించుకుని ఉంటుంది. బలంగా లాగితే పక్కటెముకలు విరుగుతాయి, వెన్ను దెబ్బతింటుంది, కుబుసానికి ఉన్న చర్మం చిరుగుతుంది. పైగా చూపు మందంగా ఉన్న పాము తగిలిన దాన్ని కరుస్తుంది. పళ్లు లోపలికి వంగి ఉంటాయి. కరిచినప్పుడు చెయ్యి వెనక్కి గుంజితేనే గాయం పెద్దదవుతుంది.

రెటిక్_రూమ్ | #38
వేడి నీళ్ల కొళాయి ఆపేయండి, పైపు చల్లారనివ్వండి. పలక ముందు #31లో చెప్పిన వెచ్చటి తొట్టి పెట్టండి. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి, వాళ్లకి పాము పట్టడం తెలిసుండాలి. మిగతావాళ్లు బయట. సింక్ కింది రంధ్రం మూసేయండి, తోక వైపు మెల్లగా కొక్కెంతో తాకుతూ ఉంటే ముందుకు జరుగుతుంది. తల బయటికి వచ్చాక దాని మీద టవల్ కప్పాలి, ఒళ్లు సగం బయటికి వచ్చేదాకా ఆగి అప్పుడు ఇద్దరూ కింద నుంచి ఎత్తాలి. గంటైనా రెండు గంటలైనా ఆగాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న సామెత ఇక్కడ ఉన్నదున్నట్టు వర్తిస్తుంది.

చుట్టుకుంటే: తోక చివర నుంచి విప్పాలి, మధ్యలోంచి కాదు. కరిచి వదలకపోతే నోటి మూలన హ్యాండ్ శానిటైజర్ పిండితే చాలా సార్లు వదులుతుంది. సీసా జేబులో ఉంచుకోండి.

ఉత్తర_డాలస్ | #39
గంటా ఇరవై నిమిషాలు పట్టింది. తనే వెచ్చటి తొట్టి వైపు జరిగింది. ఆఫీసర్, పక్కింటాయన కలిసి ఎత్తి మూత తొట్టిలో పెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన మళ్లీ ఆ పెట్టెకే మేకులు కొట్టి అందులో పెడతానంటున్నాడు.

పెట్టెల_మేస్త్రి | #40
ఉబ్బిన మెలమైన్‌కి మేకు నిలవదు. ఈ వారానికి కొక్కేల మూత ఉన్న 150 లీటర్ల తొట్టి, పక్కల్లో గాలి రంధ్రాలు, మూత మీదుగా రెండు బిగింపు పట్టీలు, తాళం వేసిన గది. సెల్లో టేపు అంటించొద్దు, పొలుసులు ఊడొస్తాయి.

తర్వాత పీవీసీ పెట్టె: 8 అడుగుల పొడవు, 4 లోతు. వెనక పలక కూడా పక్కల మందంతోనే, మేకులు కాకుండా లోపలి నుంచి బోల్టులు, నట్లు. అద్దం 6 మిల్లీమీటర్ల టఫెన్డ్. జారుడు అద్దాలైతే రెండు కలిసే చోట షోకేస్ తాళం ఒక్కటే చాలదు, కింది గాడిలో చెక్క పట్టీ కూడా ఇరికించాలి. లేకపోతే తాళం ఉన్నా అద్దాన్ని పైకెత్తి గాడి నుంచి తప్పిస్తుంది. వైరు రంధ్రాలు వైరు మందానికి మించకూడదు. చివరగా గదిలో గోడ రంధ్రాలన్నీ మూసి, తలుపు కింద బ్రష్ పట్టీ బిగించాలి. పెట్టె తప్పితే గది ఆపాలి.

పొలుసుల_డాక్టర్ | #41
రేపే వైద్యుడి దగ్గరికి. పొట్ట కింద కాలిన మచ్చలు ఉన్నాయేమో, నోటి దగ్గర నురగ, బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం ఉందేమో చూడాలి. అదే రోజు చిప్ వేయించమనండి. కుబుసం పూర్తయ్యేదాకా తిండి పెట్టొద్దు, నీళ్ల గిన్నె చాలు. సింక్ కింద, టబ్ పలక చుట్టూ సబ్బుతో కడిగి ఆ తర్వాత బ్లీచ్ నీళ్లతో తుడవాలి, సాల్మొనెల్లా కోసం. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలు వద్దనేది అందుకే. మీ పాపని ఆ ఇంటికి తీసుకెళ్లొద్దు.

ప్లానో_పద్మ | #42
కాలనీ గ్రూపులో "దొరికింది" అని ఇప్పుడే పెట్టండి. లేకపోతే రేపు పొద్దున ఎవరి పెరట్లోనో ఒక ఎలుకపాము చస్తుంది.

సర్పమిత్ర_హైదరాబాద్ | #43
ఒక్క సంగతి ఎవలూ అడగలే. ఆయన దగ్గర ఇంగ పాములున్నయా? లెక్క వెట్టిండా?

ఉత్తర_డాలస్ | #44
గ్రూపులో పెట్టేశాను. అడిగాను కూడా. ఇంకో రెండు బాల్ పైథాన్లు ఉన్నాయి, రెండూ పెట్టెల్లోనే ఉన్నాయి, నా ముందే చూపించాడు. వాటి పెట్టెలూ అదే మెలమైన్, అదే హార్డ్‌బోర్డు పలక. ఒకదాని అడుగున రెండు మేకులు అప్పటికే లేచి ఉన్నాయి. రెండు పాముల్నీ తొట్లలోకి మార్చి పట్టీలు బిగించాడు. గోడ రంధ్రానికి ఇప్పుడు జిప్సం బోర్డు కోస్తున్నాం, కొలత 9 అంగుళాలు బై 9.